అరచేతి కొలతకు ఆరడుగుల కోటు

పొట్లం విప్పేసరికి అందులోంచి తలక్లిప్పులు రాలాయి. చిన్నచిన్నవి, గులాబి రంగువి, ఒక్కోదాని మీద ఒక్కో సీతాకోకచిలుక.

టైలరు వాటిని చూశాడు. తర్వాత ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో తన తల చూసుకున్నాడు. జీవితమంతా బట్టలు కుట్టినందుకు ఆయనకు మిగిలింది బట్టతల. అక్కడ క్లిప్పు నిలబెట్టాలంటే ముందు మేకు దిగ్గొట్టాలి.

"ఎవరికండీ ఇవి?" అంది భార్య, గుండీల డబ్బా మూత పెడుతూ.

"నాకే. మీ తమ్ముడు ముచ్చటపడి పంపాడు. నేను ఫోను చేసి గ్రిప్పులు పంపరా, చిన్నవి పంపు అని గొంతు చించుకుంటే, వాడు నా నెత్తికి సింగారం పంపాడు."

"వాడికి వినపడలేదేమో."

"నీ తమ్ముడికి చెవులు వినపడకపోవడం కాదే, కళ్ళు నెత్తికెక్కాయి. నా నెత్తి మీదికి ఎక్కాలని చూస్తున్నాడు."

ఆ తమ్ముడిది వీధి చివర సైకిళ్ళ కొట్టు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఏ వస్తువైనా కొలవకుండా కంటితో చూసి చెప్పేస్తాడు. "నా కళ్ళే టేపు" అనేది వాడి ఊతపదం. అందుకే అందరూ వాణ్ణి కంటికొలత అంటారు. వాడు దాన్ని బిరుదు అనుకుంటాడు.

గొడవంతా ఆ కళ్ళతోనే మొదలైంది. టైలరుకి ఇంటింటికీ తిరిగి కొలతలు తీసుకునే పని, అదంతా సైకిలు మీదే. మణికట్లు లాగుతున్నాయంటే బామ్మర్ది హ్యాండిలుకి తొడిగే కొత్తరకం గ్రిప్పులు తీశాడు. "ఎర్గోనామిక్ బావా! అరచేతి కింద ఇదిగో, ఈ రెక్క ఆసరాగా ఉంటుంది. చెయ్యి బరువంతా ఇదే మోస్తుంది" అన్నాడు. వాటిలో చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. బావను కిందినుంచి మీదికి ఒక్కసారి చూసి, "ఆరడుగుల మనిషివి, నీకు పెద్ద సైజే" అని తేల్చేశాడు.

"ఒకసారి పట్టుకుని చూస్తానురా."

"పట్టుకుని చూడ్డానికి ఇదేమన్నా పట్టుబట్టా?" అంటూనే హ్యాండిలుకి బిగించేశాడు. పాత గ్రిప్పులు చెత్తబుట్టలోకి పోయాయి.

టైలరుని తయారు చేసినప్పుడు దేవుడు పొడుగంతా కాళ్ళకే ఖర్చుపెట్టి, చేతుల దగ్గరికొచ్చేసరికి పొదుపు పాటించాడు. అరచేయి చిన్నది, వేళ్ళు పొట్టివి. లావుపాటి గ్రిప్పు చుట్టూ ఆ వేళ్ళు తిరగవు. జారిపోకుండా దారి పొడుగునా బిగించి పట్టుకోవాలి. అరచేతి కింద ఉండాల్సిన రెక్క మణికట్టులో పొడుస్తుంది. కొన్నాళ్ళకి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కాయి. మొదట్లో సైకిలు దిగగానే తగ్గేది. తర్వాత ఆ తిమ్మిరి కూడా ఆయనతోపాటే కొట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆయన చేత్తో కుట్టే కాజాలకు పేరు. గుండీ వెళ్ళి అందులో కూర్చుంటే, చంటిపిల్లకు జోల పాడినంత మెత్తగా ఉంటుందని చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఒక రోజు తెల్లచొక్కాకి కాజా కుడుతుంటే గుడ్డ మీద ఎర్రచుక్క కనిపించింది. ఎక్కడిదా అని వెతికాడు. తన చిటికెన వేలిదే. సూది దిగింది, వేలికి తెలియలేదు. వేలికి సూది తెలియనివాడికి కుట్టుమిషను ఉంటేనేం, ఊడితేనేం?

అప్పుడే వెళ్ళి మొత్తుకున్నాడు. బామ్మర్ది కొట్టునిండా జనం.

"గ్రిప్పు పెద్దది కాదు బావా, నీ పట్టు చిన్నది! ఆరడుగుల మనిషికి ఆడపిల్ల చేతులేంటి? కొన్నాళ్ళు తొక్కు, అదే అలవాటవుతుంది."

జనం నవ్వారు. టైలరు ఆ నవ్వు మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. వేరే కొట్టుకి పోదామంటే భార్య మొహం చిన్నబుచ్చుకుంటుంది. తన టేపుతో తన అరచేతిని తానే కొలుచుకుని, మనసు చంపుకుని, చిన్నవి పంపమని ఫోను చేశాడు. వచ్చినవి ఈ సీతాకోకచిలుకలు. ఆడపిల్ల చేతులన్నవాడు ఇప్పుడు ఆడపిల్ల క్లిప్పులు పంపాడు!

"చెయ్యి పట్టుకోమంటే చెయ్యిచ్చాడు. వీడి సంగతి చూడకపోతే నేను కత్తెర పట్టిన మనిషినే కాదు" అనుకుని క్లిప్పులన్నీ జేబులో వేసుకున్నాడు.

కక్షకి కాళ్ళుంటాయి. ఆ వారంలోనే అది నడిచి గుమ్మంలోకి వచ్చింది. పక్క గది కూడా తీసుకుని కొట్టు పెద్దది చేశాడట బామ్మర్ది. ప్రారంభం రోజున తొడుక్కోడానికి చొక్కా, కోటు కావాలని గుడ్డ తెచ్చాడు.

"కొలతలు తీసుకో బావా" అని చేతులు చాపి నిలబడ్డాడు.

టైలరు మెళ్ళో టేపు తీయలేదు. "టేపెందుకురా? ఏదీ, అరచెయ్యి చూపించు."

బామ్మర్ది చూపించాడు. రోజూ పానాలు తిప్పే చెయ్యి, పారంత ఉంది.

"అబ్బో! చాలు. నీ ఒడ్డూ పొడుగూ అంతా తెలిసిపోయింది."

"చూశావా! ఇన్నాళ్ళకి నువ్వూ నా దారికొచ్చావు!" అని మురిసిపోతూ వెళ్ళాడు వాడు.

"అదేంటండీ?" అంది భార్య. "ట్రయల్ వేసి చూడకుండా ఏనాడూ బట్ట ఇచ్చిన మనిషి కాదు మీరు."

"వాడి కళ్ళు టేపైతే నా కళ్ళు కత్తెరే. ఇది మా మొగాళ్ళ ఫ్యాషను."

ఆ కోటుని ఆయన కుట్టినట్టు ఇంకే కోటూ కుట్టలేదు. కుట్టుకి కుట్ర తోడైతే దారం కూడా ఉత్సాహంగా పరిగెడుతుంది. వంకంతా కొలతలోనే ఉండాలి, కుట్టులో ఎక్కడా వేలు పెట్టడానికి ఉండకూడదు. కాలరు కత్తిలా నిలబడింది. లైనింగు మెరిసింది. కాజాలు మాత్రం వేలితో కాక కళ్ళతో కుట్టాడు. వేలు ఎక్కడుందో చూసుకుంటూ, సూది ఎక్కడ దిగుతుందో చూసుకుంటూ. పొడుచుకున్న ప్రతిసారీ కోటు చేతులు ఇంకో వేలెడు పొడుగు చేయాలనిపించింది. చేశాడు కూడా.

ప్రారంభం రోజున కొట్టు ముందు కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, స్టాండు మీద కొత్త సైకిలు నిలబెట్టారు. దాని మీద కూర్చుని కొత్త గ్రిప్పులు ఎలా పట్టుకోవాలో బామ్మర్ది అందరికీ చూపించాలి. టైలరు బట్టలు ఆఖరి నిమిషంలో తెచ్చాడు. వాడు గ్రీజు చొక్కా విప్పి నీళ్ళ బకెట్లో పడేశాక కవరు అందించి, తిన్నగా వెళ్ళి మైకు పట్టుకున్నాడు.

"ఇప్పుడు మా బామ్మర్ది వస్తాడు. టేపు ముట్టకుండా, అచ్చంగా వాడి పద్ధతిలోనే కొలత తీసి కుట్టిన కోటులో వస్తాడు. చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. గదిలోంచి కోటు వచ్చింది. లోపల మనిషి ఉన్నాడని కాసేపటికి గానీ తెలియలేదు. భుజాలు మోచేతుల దగ్గర వేలాడుతున్నాయి. అంచు మోకాళ్ళు దాటింది. చేతుల చివర చేతులు లేవు. వెనక్కి పోదామంటే చొక్కా నీళ్ళలో ఉంది. వాడు ధైర్యం చేసి సైకిలెక్కి గ్రిప్పులు పట్టుకోబోయాడు. గుడ్డ మడతలు తప్ప పట్టు దొరకలేదు. జారి బెల్లు మీద పడ్డాడు. బెల్లు ట్రింగుమంది, జనం ఘొల్లుమన్నారు.

"ఏంటి బావా ఇది?"

"పెద్ద చేతులున్నవాడు పెద్ద మనిషే అనుకున్నానురా. కోటు పెద్దది కాదు, నీ ఒళ్ళే చిన్నది. కొన్నాళ్ళు తొడుక్కో, అదే అలవాటవుతుంది!"

ఇంకోసారి నవ్వులు. టైలరు ఆ నవ్వుల్ని ఒక్కొక్కటిగా మెత్తటి బొంతలా ఒంటికి చుట్టుకున్నాడు. ఎన్నాళ్ళకి వెచ్చగా ఉంది!

"అందరి ముందూ పరువు తీస్తావా? గ్రిప్పు కాస్త లావైనందుకేనా?" బామ్మర్ది గొంతు కోటులోంచి వచ్చింది.

టైలరు తన కాలరు వెనక గుచ్చుకున్న సూది తీసి, చెయ్యి పైకెత్తి, చిటికెన వేలి కొసలో గుచ్చాడు. మొహంలో ఏ మార్పూ లేదు. వేలి మీద మాత్రం రక్తం చుక్క లేచింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"తెలియట్లేదురా" అన్నాడు. "ఈ వేలికి సూది తెలియట్లేదు. ఇంకెలా కుట్టను?"

బామ్మర్ది సైకిలు దిగాడు. కోటు చేతులు పైకి మడిచాడు, మళ్ళీ మడిచాడు, చివరికి వేళ్ళు బయటపడ్డాయి. బావ మెళ్ళోంచి టేపు లాగి, ఆ అరచేతిని బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ళ మొదట్లో అడ్డంగా కొలిచాడు. లోపల్నుంచి చిన్న గ్రిప్పు తెచ్చి ఆ పిడికిట్లో పెట్టాడు. నడిమి వేలు చుట్టూ తిరిగి బొటనవేలి మొదలు దాకా వచ్చింది. రెక్క సరిగ్గా అరచేతి కింద కూర్చుంది.

"చిన్న సైజే" అన్నాడు నీరసంగా. "నాదే తప్పు. కానీ చిన్నవి పంపమని ఒక్క ఫోను చెయ్యొచ్చుగా బావా?"

"చేశాన్రా! చేస్తే ఏం పంపావు?" టైలరు జేబులో చెయ్యిపెట్టి సీతాకోకచిలుకల్ని వాడి ముందు పారబోశాడు. "బట్టతలవాడికి క్లిప్పులా!"

"అవేగా అడిగావు! 'క్లిప్పులు, చిన్నవి' అని అరిచావు. సైకిళ్ళ కొట్లో క్లిప్పులేంటని నాకూ అనుమానమొచ్చింది. అక్కయ్య కోసం కాబోలని బజారంతా తిరిగి కొన్నాను."

ముందు వరసలో కూర్చున్న భార్య లేచొచ్చి మైకు లాక్కుంది. "అందరూ వినండి! ఈయన మిషను ఆపకుండా ఫోను మాట్లాడతారు. ఆ టకటకలో ఈయన గ్రిప్పులంటే వాడికి క్లిప్పులయ్యాయి. ఎవరూ ఎవర్నీ వెక్కిరించలేదు. క్లిప్పులు నావి, ఇటివ్వండి."

జనం మళ్ళీ నవ్వారు. బామ్మర్ది కూడా ఇకిలించి, "అయితే రాజీ అయినట్టేగా? కోటు రేపు కత్తిరిస్తావా బావా?" అన్నాడు.

"క్లిప్పుల కేసు కొట్టేశాను" అన్నాడు టైలరు సూది కాలర్లో గుచ్చుకుంటూ. "గ్రిప్పుల కేసు నడుస్తోంది. ఆ చిన్నవి బిగించు. ఈ వేలికి సూది తెలిసిన రోజున నీ కోటు చేతులు కత్తిరిస్తా. అందాకా అదే తొడుక్కుని కొట్లో కూర్చో."