ఇరవై రెండు నిమిషాల వేణ్ణీళ్ళు

సాయంత్రం అయిదున్నరకి కోడలు చేపల కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంటికొస్తుంది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, నేరుగా వంటింట్లోకెళ్ళి, మూలనున్న స్టూలు మీద కూచుంటుంది. అప్పటికే అత్తగారు అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది. కుడిపక్కన పాలగిన్నె, ఎడమపక్కన వెన్న డబ్బా, ఒళ్ళో కూరగాయల బుట్ట, వీపుకీ గోడకీ మధ్య మామగారి కంటి చుక్కల సీసా. ఒక గంట అలా కూచుంటే అన్నీ చల్లబడతాయి. రాత్రికి పాలగిన్నె ఆమె మంచం కిందకి చేరుతుంది. పక్కింటావిడ అప్పుడప్పుడూ నీళ్ళ సీసా తెచ్చి, "మీ కోడలి కాళ్ళ దగ్గర కాస్త పెట్టండి వదినా" అని, పది నిమిషాలు కబుర్లు చెప్పి, చల్లటి సీసా పట్టుకుపోతుంది.

ఈ చలి ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు. నాలుగేళ్ళ క్రితం స్టోరేజీలో చేరింది. గడ్డకట్టిన చేపల్ని సైజు ప్రకారం ఏరి పెట్టెల్లో సర్దే పని. ఆరు నెలలు తిరిగేసరికి చలి కూడా ఆమెతోపాటు షిఫ్టు దిగి ఇంటికి రావడం మొదలెట్టింది. ఇంట్లోవాళ్ళు ఒక వారం చూశారు, రెండో వారం ఫ్రిజ్ అమ్మేశారు. స్టోరేజీలో సూపర్వైజరు కూడా తెలివైనవాడే. ఆ గదిలో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు, ఇచ్చిన చలికోట్లు మూడు. "నీకెందుకమ్మా కోటు, నీకసలు చలే వెయ్యదుగా" అని తేల్చేశాడు.

గంట గడిచాక కోడలు స్నానానికి వెళ్తుంది. వేణ్ణీళ్ళ షవరు కింద ఇరవై రెండు నిమిషాలు. ముందు భుజాల మీంచి మంచు జారుతుంది, తర్వాత మోచేతుల దగ్గరది, ఆఖర్న వేళ్ళ సందుల్లోది. ముక్కలు టపటపా రాలుతుంటే రెండున్నరేళ్ళ పాప తలుపవతల కూచుని వింటూ ఉంటుంది. ఆ చప్పుడు ఆగాక అమ్మ బయటికొస్తుందని దానికి తెలుసు. అప్పటిదాకా దగ్గరికి రాని పిల్ల అప్పుడు ఒక్క ఉదుటున వచ్చి మెడ పట్టుకుని వేలాడుతుంది. రోజు మొత్తమ్మీద కోడలికి బతికినట్టుండేది అప్పుడే. ఆ ఇరవై రెండు నిమిషాలు ఆమె ఎవరి కోసమూ వదులుకోదు.

ఇంతలో పాత గ్యాస్ గీజరు మొండికేసింది. బాగుచేయించాలా, కరెంటుది కొనాలా అన్న ప్రశ్న మామగారి ముందుకొచ్చింది. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదివి రిటైరైన మనిషి. వీధిలో రీడింగుగారనే అంటారు, అసలు పేరు పెన్షను ఆఫీసుకే తెలియాలి. అలాంటి మనిషికి ఇలాంటి ప్రశ్న దొరకడమంటే పండగే. తెలిసిన కొట్టతన్ని బతిమాలి ఒక కరెంటు గీజరు వారం రోజులకి తెచ్చి బిగించారు. ఎవరు స్నానానికి వెళ్ళినా ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మీటరు చూసి నోటుబుక్కులో రాశారు. రెండో వారం గ్యాస్‌ది బాగుచేయించి, పాత పేపర్ల కొట్టు నుంచి తూకం మిషను అరువు తెచ్చి, వెనక వరండాలో సిలిండర్ని దానిమీద కూచోబెట్టారు. అత్తగారు నెత్తిన నాలుగు చెంబులు పోసుకుని వచ్చినా గ్రాములతో సహా ఎక్కించారు.

"నా స్నానం కూడా తూస్తారా? సిగ్గు లేకపోతే సరి" అంది అత్తగారు.

"లెక్క దగ్గర సిగ్గేమిటే?" అన్నారాయన.

ఆదివారం పొద్దున అందర్నీ కూచోబెట్టి ఫలితం చదివారు. "మన ముగ్గురికీ ఏదైనా ఒకటే. అయిదు నిమిషాల స్నానానికి కరెంటైతే యూనిట్ లోపు, గ్యాసైతే డెబ్భై గ్రాములు. తేడా అంతా అమ్మాయి దగ్గరే వస్తోంది. తనకి కరెంటు ట్యాంకు మూడుసార్లు కాగాలి, నాలుగు యూనిట్లు. గ్యాసైతే మూడు వందల గ్రాములు. గ్యాసే ఆరోవంతు చవక."

"అయితే గ్యాసే ఉంచండి మామయ్యా" అంది కోడలు.

"ఉంచుతాను. కానీ చవకదైనా నీ ఒక్కదానికీ మా ముగ్గురికంటే ఎక్కువ అవుతోంది. తప్పు కరెంటుదీ కాదు, గ్యాసుదీ కాదమ్మా. రేపట్నుంచి మనిషికి ఏడు నిమిషాలు."

కోడలు మొగుడి వంక చూసింది. అతను లిఫ్టు మెకానిక్కు. ఎంత ఎత్తులో ఇరుక్కున్న వాళ్ళనైనా దించుతాడు గానీ, తండ్రి ముందు మాత్రం నోరు పెగలదు. "నాన్న లెక్క తప్పు కాదుగా" అని గొణిగి చెప్పులేసుకుని బయటికి పోయాడు.

సోమవారం ఏడో నిమిషానికి షవరు చల్లబడిపోయింది. రీడింగుగారు వరండాలో సిలిండరు పక్కన గడియారం పట్టుకుని నిలబడి, టైము కాగానే కట్టేశారు. మంగళవారం కూడా అంతే. బుధవారం సగం కరిగిన చేతుల్తో కోడలు పాపని ఎత్తుకుంది. పాప గిలగిల్లాడి కిందకి జారిపోయింది. దాని బుగ్గ మీద తల్లి వేళ్ళు అయిదూ తెల్లగా మంచు అచ్చు వేసి ఉన్నాయి. పిల్ల ఏడుస్తూ వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో ముడుచుకుని, వెనక్కి తిరిగి చూడనైనా లేదు. కోడలు తన చేతుల్ని తనే చూసుకుంది. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

గురువారం ఆమె స్టూలు మీద కూచోలేదు. పాలగిన్నె పట్టుకుని నిలబడ్డ అత్తగారిని దాటి తిన్నగా వెనక వరండాలోకి వెళ్ళింది. సిలిండరు తిప్పి గ్యాసు వదిలి, వరండా తలుపు మూసి, తాళం వేసింది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఏడో నిమిషానికి రీడింగుగారు వరండా తలుపు గుంజారు. తెరుచుకోలేదు. స్నానాల గది తలుపు దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, ఏడయింది!"

"అవనీండి."

"పదిహేను!"

"మీ నోటుబుక్కు దగ్గరుందా మామయ్యా?" లోపల నీళ్ళ చప్పుడుని మించి వినబడింది ఆమె గొంతు. "నా వేడంతా రాసుకున్నారు. నా చలి ఏ పేజీలో రాశారు?"

రీడింగుగారు నిజంగానే పేజీలు తిప్పారు. అలవాటు మరి. అందులో అలాంటి పేజీ లేదు.

"మా స్టోరేజీలో చలికి పెట్టెకింతని రోజు అద్దె తీసుకుంటారు. ఈ ఇంట్లో మూడున్నరేళ్ళుగా పాలు, వెన్న, కూరలు, మీ కళ్ళల్లో చుక్కలు, పక్కింటావిడ సీసాలతో సహా. కూడి చూడండి. నేను రోజంతా నీళ్ళ కిందే నిలబడ్డా మీరే నాకింకా బాకీ."

మూడు ఇళ్ళ అవతలి మీటరు కూడా కళ్ళజోడు లేకుండా చదివిన మనిషి, తన వంటింట్లో నడిచే మీటరు చూసుకోలేదు. ఆఖరికి మళ్ళీ గడియారం చూసుకుని, "ఇరవై రెండయిందమ్మా. రోజూ ఈపాటికి వచ్చేస్తావుగా" అన్నారు మెల్లగా.

"ఎందుకొచ్చేస్తానో తెలుసా? రాత్రికి పాలు పాడవకుండా కాస్త చలి ఒంట్లో మిగుల్చుకుని వస్తాను. ఇవాళ మిగల్చను."

ఆ మాటకి అత్తగారు చేతిలో పాలగిన్నె కింద పెట్టేసింది. పాపని ఎత్తుకుని తలుపు పక్కన కూచుని, మొగుడితో, "మీరు అవతలికి పొండి. దాన్ని కరగనివ్వండి" అంది. నలభయ్యేళ్ళ కాపురంలో ఆయనతో ఆమె అలా మాట్లాడటం అదే మొదలు.

నలభై ఒకటో నిమిషంలో కోడలి రొమ్ముల మధ్య నుంచి ఉసిరికాయంత మంచుగడ్డ జారి కాళ్ళ దగ్గర పడింది. ఎప్పట్నుంచి ఉందో, రాయిలా గట్టిగా ఉంది. కాలితో షవరు కిందకి తోసి, అది పూర్తిగా కరిగిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. యాభై మూడో నిమిషంలో తలుపు తీసుకుని బయటికొచ్చింది. పాప ముందు ఒక వేలితో ముట్టుకుని చూసింది. తర్వాత మొత్తం మీదకెక్కి, తల్లి భుజం మీదే నిద్రపోయింది. ఆ రాత్రి దాన్ని ఎవరికీ ఇవ్వలేదు కోడలు.

తెల్లారేసరికి పాలు విరిగిపోయాయి. అత్తగారు ఎవర్నీ ఏమీ అనకుండా తూములో పోసి గిన్నె కడిగేసింది. రీడింగుగారు కంటి చుక్కల సీసా పట్టుకుని ఫ్రిజ్‌ల కొట్టుకి బయల్దేరారు.

స్టోరేజీలో గది తలుపు తీయగానే చలి కోడల్ని చాచి కొట్టింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె పళ్ళు కటకటలాడాయి. గడప దగ్గరే ఒక ఖాళీ పెట్టె బోర్లించి కూచుంది.

"ఏమైంది?" అన్నాడు సూపర్వైజరు.

"చలేస్తోంది. కోటిస్తేనే లోపలికెళ్తాను."

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమిటి?"

"ఇన్నాళ్ళూ కోటు లేదనేగా ఇప్పుడడుగుతున్నాను."

మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ కోట్లు విప్పి, తలో పెట్టె బోర్లించుకుని ఆమె పక్కన కూచున్నారు. బయట రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి. మధ్యాహ్నానికి నాలుగో కోటు వచ్చింది. కొత్తది, మోకాళ్ళ కిందకి దిగేది.

ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఆమె మంచు తేలేదు. స్నానానికి వెళ్ళి సరిగ్గా ఏడో నిమిషానికి బయటికొచ్చింది. రీడింగుగారు ఎందుకైనా మంచిదని వరండాలో తూకం మిషను పక్కనే కూచుని ఉన్నారు. గడియారం చూసుకున్న ఆయన మొహం వెలిగింది. "తొంభై అయిదు గ్రాములు! చూశావా అమ్మాయ్, మనసు పెడితే అవుతుంది!"

"ఇంకా పదిహేను నిమిషాలున్నాయి నావి" అంది కోడలు.

పాప చెయ్యి పట్టుకుని, ప్లాస్టిక్ చెంబు ఒకటి తీసుకుని, మళ్ళీ లోపలికెళ్ళి గడియ పెట్టింది. వేణ్ణీళ్ళు పడుతున్న చప్పుడు, దాని మీద పాప కేరింతలు. మిషను మీద ముల్లు మెల్లగా కిందకి దిగుతోంది.

"రాసుకోండి మామయ్యా!" అని లోపల్నుంచి కేకేసింది.

రీడింగుగారు ముల్లు వంక కాసేపు చూసి, పెన్నుకి మూత పెట్టుకున్నారు.