మూకుడూ కుట్టుగుడ్డా

మా కోటేశ్వరమ్మ పిన్ని గారెల మూకుడు పొయ్యెక్కితే బుధవారం సంత మొదలైనట్టు. దిగితే అయిపోయినట్టు. ఒరిస్సాలో బిస్సమ్ కటక్ దాటేక, కొండదారి వచ్చి రోడ్డుని కలిసేచోట ఆ సంత. కొండోళ్లు పసుపూ అల్లమూ అనాసలూ మోసుకొచ్చేవారు. మా తెలుగు వర్తకులు ఉప్పూ ఎండుచేపా పొగాకూ పరుచుక్కూర్చునేవారు. ఇద్దరికీ మధ్యన, తాటాకు పాక కింద, బొబ్బిలి నుంచి కాపరానికొచ్చిన మా పిన్ని. నేను విజయనగరంలో బి.ఏ. అయిందనిపించుకుని, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ పాకలో బెంచీ అరగదీస్తున్నాను.

ఎనభై రెండు చలికాలంలో సంతలోకి కొత్త సరుకు దిగింది. దొరలు, దొరసానులు. రాయగడ సన్యాసిరావు జీపులో తోలుకొచ్చేవాడు. అంతకుముందు అదే జీపులో ఉల్లిపాయలు తోలేవాడు. "ఉల్లిపాయలైతే కుళ్లిపోతాయి బావూ, ఈళ్లకా భయం నేదు" అనేవాడు.

వాళ్లు దిగేవారు, మెడలో కెమెరాలతో చుట్టూ తిరిగేవారు, కూడా తెచ్చుకున్న బ్రెడ్డు తిని, తెచ్చుకున్న నీళ్లు తాగి, ఎక్కేసేవారు. పైసా ఖర్చయ్యేది కాదు గానీ సంత మాత్రం తలకిందులైపోయింది. సన్యాసిరావు దొరల రాత్రి భోజనానికి ఎంతంటే అంతకి కోడిని కొనెయ్యడంతో కోళ్లవాళ్లంతా జీపు ఆగేచోటికి మకాం మార్చేరు. నర్సు రూతమ్మగారు గుడ్లకొస్తే, "జీపెల్లిపోనీ అమ్మా, అప్పుడు సెప్తాం రేటు" అనేవారు. పిల్లలు మేకల్ని వదిలేసి పిప్పరమెంటు బిళ్లల కోసం దొరసానుల వెంట పడేవారు. ఆ మేకలొచ్చి అల్లం బుట్టల్లో తలలు పెట్టేవి.

"ఇంతమందొస్తన్నారు గదా, ఒక్కడూ గారి ముక్క కొరకడు" అనేది పిన్ని నాతో. "ఈళ్లకి కళ్లే గాని కడుపుల్నేవేటిరా కూర్మా?"

పిన్నికి ఒకే ఒక్క కోరిక ఉండేది. పాకకి రేకుల కప్పు. వానాకాలం తాటాకులోంచి చినుకు కారి, కాగే నూనెలో పడి చిటపటమంటే, ఆమె ముంజేతుల మీద కొత్త మచ్చ లేచేది.

ఆ కోరిక సన్యాసిరావుకి తెలుసు. ఓ బుధవారం పొడుగాటి దొరసాని ఒకావిడ, పసుపు అమ్ముకునే కొండామె కుంతి బుట్ట మీద కప్పిన గుడ్డని చూసి కదల్లేదు. దట్టమైన తెల్లగుడ్డ మీద ఎర్రదారం, పచ్చదారం, పసుప్పచ్చ దారంతో కొండల్లాంటి మూడుమూలల ముగ్గులు. కుంతి కూతురు కుట్టింది. సన్యాసిరావు ఎంత అడిగినా కుంతి నవ్వి, పసుపు కొమ్ములు సర్దుకుంది. దాంతో అతను మా బెంచీ మీదికొచ్చి కూలబడ్డాడు.

"అప్పా, ఆ కుంతి నీ నేస్తమంట గదా."

"అయితే ఏటి?"

"నువ్వడిగితే నేదనదు గదా. వచ్చేవారం ఆ గుడ్డ దొరసాని సేతికిప్పించు. మరింక జీపులన్నీ నీ పాక కాడే ఆగుతాయి. తినడం ఇక్కడే, తాగడం ఇక్కడే. వానలొచ్చే లోపల రేకులు నాను ఏయిస్తాను."

పిన్ని పైకి చూసింది. తాటాకు సందుల్లోంచి ఆకాశం కనపడుతోంది.

మా వైపు నేస్తం కట్టడమంటే ఆషామాషీ కాదు. పదిహేనేళ్ల కిందట జాతరలో కొత్తచీరలు మార్చుకుని, ఒకరికొకరు పసుపు రాసుకుని కట్టేరు వీళ్లిద్దరూ. అప్పట్నుంచీ పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తమే. బేరమాడుకోరు. ఒకరు నోరు తెరిచి అడిగితే రెండోవాళ్లు లేదనకూడదు. ఇన్నేళ్లలోనూ ఒకరినొకరు అడిగింది ఓ గుమ్మడికాయో, దోసెడు ఉప్పో. లేదనకూడదని తెలుసు కాబట్టే, ఇవ్వగలిగినదేదో చూసి మరీ అడిగేవారు.

ఆ రోజు పిన్ని చూడకుండా అడిగేసింది.

"నేస్తం, ఆ గుడ్డ నాకియ్యి."

కుంతి ఓసారి పిన్ని మొహంలోకి చూసింది. గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి చేతిలో పెట్టింది. "తీసుకో నేస్తం." పక్కనున్న కూతురు లేచి, వెనక్కి తిరక్కుండా కొండదారి పట్టింది.

"ఆ అమ్మికేటయింది?" అన్నాది పిన్ని.

"ఏటీ నేదు" అన్నాది కుంతి.

మరుసటి బుధవారం దాకా పిన్ని రేకుల గురించే మాట్లాడింది. సంతరోజు పిండి రుబ్బి, కొబ్బరి చట్నీ చేసి, గుడ్డని మడత నలక్కుండా డబ్బా మీద పెట్టి, పొయ్యి రాజెయ్యబోతుంటే కుంతి వచ్చి నిలబడింది.

"నేస్తం, నీ మూకుడు నాకియ్యి."

పిన్ని చేతిలో అగ్గిపుల్ల కాలి ఆరిపోయింది. అది వాళ్లత్తగారి మూకుడు. రెండు చెవుల ఇనప మూకుడు, పిల్లాణ్ణి కూర్చోబెట్టి స్నానం చేయించొచ్చు.

"దేనికి నేస్తం?"

"పిల్ల ఆ గుడ్డ పెళ్లికొడుక్కని కుట్టింది. మళ్లీ కుట్టాలంటే ఇంకో వానాకాలం పట్టీస్తాది. ఆళ్లు అందాకా ఆగరు. బదులు ఏదో ఒకటి పెట్టాల గదా." కుంతి మూకుడుని వేలితో టంగుమనిపించింది. "ఇదైతే బరువుగుంది."

కోపమేమీ లేదు ఆమె గొంతులో. అందుకే నాకు భయమేసింది.

"తీసుకో" అన్నాది పిన్ని.

కుంతి మూకుడుని గొడుగులా నెత్తిన బోర్లించుకుని తన చోటికెళ్లి కూర్చుంది. సంతంతా చూసింది. మూకుడు పొయ్యెక్కనిదే సంత మొదలైనట్టో కానట్టో తెలీక, వర్తకులు కొందరు బస్తాలే విప్పలేదు.

అంతలో జీపొచ్చింది. దొరలు దిగి మా బెంచీల మీద వరసగా కూర్చున్నారు. సన్యాసిరావు చేతులు రుద్దుకుంటూ వచ్చేడు.

"అప్పా, గారెలు?"

"పిండుంది. సెట్నీ ఉంది. నూనుంది. మూకుడు నేదు."

"మూకుడెక్కడికెల్లింది?"

"అడిగితే ఇచ్చేను."

సన్యాసిరావు నెత్తి గోక్కున్నాడు. "పోనీ, మూకుళ్లకేటి, రాయగడలో కొత్తది కొంటాను. ముందా గుడ్డిచ్చీ, దొరసాని కాసుక్కూర్చుంది."

పిన్ని గుడ్డ విప్పి ఒళ్లో పరుచుకుంది. ఓ మూల కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టిన ఆనవాలుంది. దాని మీద వేలు పెట్టి, నా వైపు తిరిగింది.

"ఒరే కూర్మా, నీ ఇంగిలీసులో అడుగు. ఈ గుడ్డని ఆవిడేటి సేసుకుంటాది?"

అడిగేను. దొరసాని ఎంతో ముచ్చటగా చెప్పింది.

"ఇంట్లో గోడకి తగిలించుకుంటుందిట పిన్నీ."

"గోడకా?" అన్నాది పిన్ని. "ఆళ్లూర్లో గోడకి సలేస్తాదేటి?"

సన్యాసిరావు ఏదో చెప్పబోయేడు గానీ, పిన్ని అప్పటికే గుడ్డ భుజాన వేసుకుని లేచింది. తిన్నగా సంత మధ్య నుంచి నడిచి కుంతి ఎదుట నిలబడింది.

"నేస్తం, నా మూకుడు నాకియ్యి."

"తీసుకో నేస్తం." కుంతి మూకుడు రెండు చేతులా ఎత్తి ఇచ్చింది. ఇచ్చి, చేతులు దులుపుకుని, "నేస్తం, నా పిల్ల గుడ్డ నాకియ్యి" అన్నాది.

"తీసుకో."

ఇద్దరి మొహాలూ గంభీరంగానే ఉన్నాయి. ముందు కుంతి ముక్కుపుల్లలు కదిలేయి. తర్వాత పిన్ని భుజాలు ఊగేయి. ఆపైన ఇద్దరూ చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేరు. ఈలోగా దొరలంతా వచ్చి చుట్టూ మూగి, ఫొటోల మీద ఫొటోలు తీసేసేరు. కుంతి కూతురొచ్చి గుడ్డ పట్టుకుపోయింది. దొరసానికి ఆ సంగతే గుర్తులేదు.

"ఇది పాత ఆచారమా?" అని అడిగింది నన్ను.

సన్యాసిరావు నా కళ్లలోకి దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. పదిహేనేళ్ల నేస్తరికం కదా. పాతదేనన్నాను.

మూకుడు పొయ్యెక్కింది. సంత మొదలైంది. దొరసాని గారె కొరికి, మిరపకాయకి కళ్లు తుడుచుకుని, ఇంకోటి పెట్టమంది.

పైవారం రెండు జీపులొచ్చేయి. "అప్పా, మూకుడు పండగ సూడ్డానికొచ్చేరు. రాయగడంతా ఇదే మాట" అని సన్యాసిరావు చేతులు జోడించేడు. పిన్ని వెళ్లి కుంతి పక్కన కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

"సేస్తాం గాని, ముందు గారెలు తినాలి" అన్నాది పిన్ని.

"పసుపు కొనాలి" అన్నాది కుంతి. "కుట్టుగుడ్డ మటుకు తేను. తువ్వాల సాలు."

అలా ఆ చలికాలమంతా బుధవారం బుధవారం తువ్వాలు ఇటూ మూకుడు అటూ నడిచేయి. ఎండల్లో కొండ మీద కుంతి కూతురి పెళ్లయింది. పిన్ని మూకుడు మోయించుకెళ్లి పెళ్లివారికి గారెలు వండింది. పెళ్లికొడుకు ఆ ఎండలోనూ కుట్టుగుడ్డ భుజమ్మీంచి దించలేదు.

రేకులు మాటిచ్చినట్టే పడ్డాయి. తొలివాన రోజు కుంతి కొత్త కప్పు కింద కూర్చుని టీ తాగుతోంది. నూనెలో ఒక్క చినుకు పడలేదు గానీ, రేకుల మీద చప్పుడికి చెవులు గళ్లుపడుతున్నాయి. కుంతి ఏదో అంది. పిన్నికి వినపడలేదు.

"ఏటి కావాలి నేస్తం? గట్టిగా అడుగు."

కుంతి తలెత్తి రేకులకేసి చూసి, అక్కణ్ణుంచి పిన్ని మీదికి చూపు దించింది.

"అడగను నేస్తం" అని అరిచింది. "అడిగితే ఇచ్చీగలవు."