సామాన్ల దగ్గర ఒకరుండాలి

కుడిచేతి బ్రేకు ముందు చక్రానిదా వెనక చక్రానిదా, నిన్న సాయంత్రం కూడా చెప్పింది అక్షర, ముందుది ఒక్కటే గట్టిగా పట్టావనుకో అమ్మా, యు విల్ ఫ్లై, అని రెండు చేతులూ చాచి చూపించి పకపకా నవ్వింది, ఆ నవ్వు గుర్తుంది గానీ ఏ చెయ్యో గుర్తులేదు, అడుగుదామంటే పదేళ్ల పిల్ల అప్పుడే మలుపు దగ్గరికి వెళ్లిపోయింది, దాని వెనకాల వాళ్ల నాన్న శ్రీనాథ్, ఆయన సైకిలు ముందు బుట్టలో గళ్ల సంచి, సంచిలో పులిహోర డబ్బా, గతుకు వచ్చినప్పుడల్లా సంచి ఎగిరెగిరి పడుతోంది, కింద పడితే, పడదులే, ముందు నువ్వు పడకుండా చూసుకో, అని తనకు తనే చెప్పుకుంటూ సుభద్ర పెడలు నొక్కింది, ఆపితే పడతాం కాబట్టి ఆపకూడదు, సైకిలు విద్య మొత్తం అంతేనట, నలభై దాటాక తెలిసిందీ సంగతి, తోటిపిల్లలంతా ఏడో క్లాసులోనే తెలుసుకుని మర్చిపోయారు కూడా.

ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడడేం, అదిగో మళ్లీ చూడలేదు, భార్య పెళ్లయ్యాక మొదటిసారి రోడ్డు మీద సైకిలు తొక్కుతోంటే ఏ మొగుడైనా కాస్త వెనక్కి చూస్తాడు, ఈయన మాత్రం ఊరేగింపులో ముందు నడిచేవాడిలా మెడ నిటారుగా పెట్టుకుని పోతున్నాడు, సరే పోనీ, చెట్ల నీడ బాగుంది, రాత్రి వాన పడ్డట్టుంది, మట్టి వాసన, ఎక్కడో కోడి కూస్తోంది, సింగపూర్‌లో కోడి కూత వినాలంటే పడవెక్కి రావాలి, ఒక దీవిలో కాపురం పెట్టుకుని శనివారం కాగానే దాని పక్కన ఇంకో బుల్లి దీవి చూడ్డానికి పోతారా ఎవరైనా, మేం పోతాం, పొద్దున్నే యూ టీ అనే పేటలో మా ఫ్లాటుకు తాళం వేసి రైలెక్కి ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చి, చాంగీ రేవులో పడవకు సరిపడా జనం చేరేదాకా బల్ల మీద కూర్చుని, పడవ మనిషి చెయ్యి ఊపితే ఎక్కి, ఈ పులావ్ ఉబిన్‌లో దిగుతాం, ఇక్కడ మేడలు లేవు, అద్దె సైకిళ్లూ కొబ్బరి బోండాలూ పాతకాలపు ఇళ్లూ అడవిపందులూ ఉన్నాయి, ఎన్ని శనివారాలు వచ్చామో ఇక్కడికి, వచ్చామా, వచ్చారు, వాళ్లిద్దరూ వచ్చారు, తను రేవు పక్కన సైకిళ్ల కొట్టు దాకా వచ్చింది.

ఎందుకంటే సామాన్ల దగ్గర ఒకరుండాలి కదా, ఉబిన్ అయితే సైకిళ్ల కొట్టు ముందు బల్ల, ఈస్ట్ కోస్ట్ అయితే ఇసకలో పరిచిన దుప్పటి, స్విమ్మింగ్ పూల్ అయితే మెట్లు, గుట్టలెక్కేచోట అయితే కింద టాయిలెట్ల పక్కన సిమెంటు దిమ్మె, ఎక్కడికి వెళ్లినా తువ్వాళ్లూ మంచినీళ్ల సీసాలూ చెప్పులూ మధ్యలో సుభద్ర, ఊళ్లో అక్కయ్యకు ఫోటోలు పంపితే అన్నీ బాగున్నాయే, నువ్వెక్కడే, అని అడుగుతుంది, ఫోటో తీసింది నేనేగా, అని అబద్ధం చెప్పాల్సి వస్తుంది, ఆ పీతలూ మడచెట్లూ ఉన్న ఫోటోలు తీసింది శ్రీనాథ్, తను వాటిని సాయంత్రం తిరుగు పడవలో ఆయన ఫోన్లోనే చూసింది, అయినా చిన్నప్పటి నుంచీ తన ఉద్యోగం అదే, పుష్కరాలకు రాజమండ్రి వెళితే ఇంటిల్లిపాదీ మునకలు వేస్తుంటే గట్టు మీద ట్రంకుపెట్టె మీద తనే, తిరుపతి రైల్లో గొలుసు వేసి తాళం పెట్టిన సూట్‌కేసు మీద కాళ్లు ఆనించుకుని మేలుకుని ఉన్నది తనే, మా సుభద్ర బుద్ధిమంతురాలమ్మా, సామాన్ల దగ్గర కూర్చోమంటే కదలదు, అని నాన్న అనంతరామయ్య పదిమందిలో మెచ్చుకునేవాడు, ఆ మెప్పు ఎంత తియ్యగా ఉండేదంటే నదిలో మునగలేదన్న దిగులు కూడా గుర్తొచ్చేది కాదు.

ఎడమవైపు ఏదో కదిలింది, పందా, కాదు, ఎండుటాకులు, చూపు రోడ్డు మీద పెట్టమ్మా, డోంట్ లుక్ డౌన్, దూరంగా చూడు, అక్షర పాఠం, బ్లాకు కింద ఖాళీ స్థలంలో సాయంత్రాలు నేర్పింది పిల్ల, ఎంత కోపమో దానికి, ఐ టోల్డ్ యు ఆల్రెడీ వాట్, అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది, సైకిలు ఏమో పక్కింటి లక్ష్మీదేవి ఆంటీ మనవడిది, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ, సగం అరవం కలిపి మాట్లాడుతుంది, నీ మోకాలు ఏం బంగారమా మా, పడితే పడనీ, మళ్లీ ఎక్కు, అని మొక్కలకు నీళ్లు పోస్తూ ఆరో అంతస్తు నుంచి కేకేసేది, నాన్నకు చెప్పొద్దే, అని పిల్ల దగ్గర ఒట్టు వేయించుకుంది సుభద్ర, పిల్ల చెప్పలేదు, మరి మోకాలు గీరుకుపోయిన మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీదికి ప్లాస్టర్ల డబ్బా ఎలా వచ్చిందో, వారం వారం కూరగాయలు తెచ్చేటప్పుడు శ్రీనాథ్ తెచ్చాడేమో అనుకుంది, అప్పుడు ఇంకేమీ అనుకోలేదు.

పడడం గురించి తలుచుకోకూడదు, తలుచుకుంటే పడతాం, కానీ చిన్నప్పటి పొన్నూరు బస్టాండు వచ్చి మధ్యలో నిలబడింది, గంటకింత అని అద్దెకు తెచ్చిన ఎర్ర సైకిలు, పరికిణీ గొలుసులో చిక్కుకుని, బస్సు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా బోర్లా పడి, దెబ్బ పెద్దదేం కాదు, నవ్వు పెద్దది, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్లు, సోడాలు తాగుతున్నవాళ్లు, అందరూ నవ్వారు, ఎవరో, ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా, అన్నారు, నాన్న వచ్చి సైకిలు కొట్టులో అప్పగించి, ఇంటికి తీసుకెళ్లాడు, ఆ తర్వాత సైకిలు మాట ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు, పెళ్లయిన కొత్తలో శ్రీనాథ్‌కు ఒకసారి చెప్పింది, నవ్వుతూనే చెప్పింది, ఆయన నవ్వలేదు, అంతమంది చూస్తుంటే ఎవరైనా పడతారులే, అని ఊరుకున్నాడు.

అంత మంచివాడే, మరి ఎన్నడూ రమ్మని అడగడేం, అదీ తన మనసులో ముల్లు, ఎన్ని శనివారాలు, ఒక్కసారైనా, రా సుభా, నువ్వూ రా, నేర్పిస్తాను, అనొచ్చుగా, అనలేదు, కొబ్బరి బోండాం కొట్టించి చేతిలో పెట్టి, బ్యాగు నువ్వు చూసుకుంటావా, నువ్వుంటే మాకు నిశ్చింత, అనేవాడు, అని వెళ్లిపోయేవాడు, తండ్రీ కూతుళ్ల సైకిలు గంటలు చెట్ల వెనక్కి పోయేదాకా చూసి, బోండాం అడుగున లేత కొబ్బరి గీక్కుంటూ, కాపలా మనిషిని తెచ్చుకున్నాడు ఈయన, పెళ్లాన్ని కాదు, అని ఎన్నిసార్లు అనుకుందో, ఆ అనుకోవడం నిజమా కాదా తేల్చుకోవాలనే ఇంత పనీ, అందుకే ఇవాళ కొట్టు దగ్గర ఆయన బోండాం వైపు వెళ్లబోతుంటే, నేనూ వస్తానండీ, అనేసింది, ఆశ్చర్యపోతాడని, వద్దంటాడని, నవ్వుతాడని చూసింది, ఆయన, సరే, అన్నాడు, కొట్టాయనతో మాట్లాడి సీటు ఎత్తు తక్కువగా ఉన్న సైకిలు వెతికి, రెండు బ్రేకులూ నొక్కి చూసి, గంట కొట్టి చూసి, తెచ్చి నిలబెట్టాడు, గళ్ల సంచి తీసి తన బుట్టలో పడేసుకున్నాడు, అంతే.

ఎత్తు వచ్చింది, కాళ్లలో సత్తువ అయిపోయింది, దిగి నెట్టింది, సిగ్గేం లేదు, పక్కనుంచి పోతున్న చీనా తాతగారు, స్టెడీ లా ఆంటీ, అని చెయ్యెత్తి పోయాడు, నవ్వలేదు, ఇక్కడెవరూ నవ్వరు, ఇక్కడ తను ఫలానా వారి అమ్మాయి కాదు, ఎంత హాయి, ఆ పరాయితనం మీద మొదట్లో ఎంత ఏడ్చింది, ఇవాళ దానికి దండం పెట్టాలనిపిస్తోంది, పైకి చేరింది, ఇప్పుడు పల్లం, నున్నగా కిందికి జారిపోయే రోడ్డు, కింద వాళ్లిద్దరూ, అమ్మా కమ్ లా, అని అరుస్తోంది అక్షర, దిగి నడిపించుకుంటూ పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, అదే చేద్దామా, బస్టాండు, నవ్వు, పరికిణీ, శ్రీనాథ్ ఇప్పుడూ చూడడం లేదు, వీపు ఇటు పెట్టి వంగి గొలుసు ఏదో సర్దుతున్నాడు, చూడకపోతే మీ ఇష్టం, నేను వస్తున్నా, ఎక్కింది, వదిలింది, గాలి, అబ్బ గాలి, చున్నీ బిగించి ముడేసుకోవడం మంచిదైంది, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా, అదీ, గుర్తొచ్చింది, రెండూ కలిపి, చెట్లు వెనక్కి పోతున్నాయి, కళ్లలో నీళ్లు గాలికో దేనికో, తను అరుస్తోంది, ఏం అరుస్తోందో తనకే తెలియదు, అక్షర గెంతుతోంది, పల్లం అయిపోయింది, పడలేదు, పడలేదు.

దీవి కొసన చెక్ జావా మడ అడవి దగ్గర సైకిళ్లు బయటే పెట్టాలి, లోపల చెక్కదారి మీద నడవాలి, అంతా దిగారు, అలవాటు కొద్దీ, మీరు వెళ్లి రండి, సామాన్ల దగ్గర, అనబోయి మధ్యలో నోరు మూసుకుంది, ఉండనివ్వండి బుట్టలోనే, ఎవరు తీసుకుంటారు, అని తనే అంది, ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే నవ్వొచ్చింది, లోపలికి వెళ్లి చూసింది, సముద్రం వెనక్కి పోయి బురద బయటపడింది, పీతలు ఒంటి చెయ్యి ఊపుతున్నాయి, ఫోన్లో వేలెడంత కనిపించినవి ఇక్కడ నిజంగా వేలెడంతే ఉన్నాయి, ముగ్గురి ఫోటో తీశాడు శ్రీనాథ్, చెయ్యి చాచి, ఎండ కళ్లలో పడి ముగ్గురూ మొహాలు చిట్లించారు, అక్కయ్యకు పంపించింది, నేనెక్కడ అని ఇంక అడక్కు.

తిరిగొచ్చేసరికి శ్రీనాథ్ సైకిలు సీటు మీద కోతి కూర్చుని ఉంది, మూత తీసిన డబ్బా ఒళ్లో పెట్టుకుని వేరుశనగపప్పులు ఏరుకుని తింటోంది, రెండోది పోపులో ఎండు మిరపకాయ కొరికి మొహం అదోలా పెట్టింది, మంకీ మకాన్ ఆల్రెడీ, కోతి తినేసింది, అని అక్షర కింద కూర్చుని నవ్వింది, తిండి వదిలిపెట్టకూడదని బోర్డు మీద ఇంత పెద్దక్షరాలతో రాసి ఉంది, జన్మమంతా సామాన్లు కాసినావిడ ఒక్కరోజు వదిలేస్తే ఇదీ, సుభద్రకు నవ్వు ఆగలేదు, కడుపు పట్టుకుని నవ్వింది, కోతులు విసుక్కుని చెట్టెక్కాయి, శ్రీనాథ్ ఖాళీ డబ్బా తీసి సంచిలో వేస్తూ, పోనీలే సుభా, రేవు దగ్గర నూడుల్స్ తిందాం, అని సంచిని మళ్లీ బుట్టలో పెట్టాడు.

బుట్టలో పెట్టాడు, సుభద్ర నవ్వు అక్కడ ఆగింది, సరిగ్గా పట్టింది సంచి, కొలిచినట్టు, చూపు పక్క సైకిలు మీదికి పోయింది, దానికీ బుట్ట, తన సైకిలుకు బుట్ట, అక్షర సైకిలుకు బుట్ట, స్టాండు పొడవునా వరసగా నిలబెట్టిన అద్దె సైకిళ్లన్నిటికీ ముందు ఒక్కో బుట్ట, రేవు దగ్గర కొట్టులోవాటికీ ఉండేవి, ఇన్ని శనివారాలూ వాటి ఎదురుగానే కూర్చుంది తను, హాకర్ సెంటర్‌లో తిండికి లైన్లో నిలబడేటప్పుడు ఆఫీసు లాప్‌టాప్ బల్ల మీద వదిలేసి, చోప్ చేశాలే, చోటు మనదని గుర్తు పెట్టినట్టే, ఇక్కడెవరూ ముట్టుకోరు, అని నిమ్మళంగా వెళ్లిపోయే మనిషికి, తువ్వాళ్లకూ నీళ్ల సీసాలకూ కాపలా ఎందుకు కావాల్సి వచ్చింది, ఎవరికి కావాల్సి వచ్చింది, రమ్మని అడిగితే భయమని చెప్పాలి, చెప్పలేక ఏదో సాకు వెతుక్కోవాలి, ఆ సాకు తను వెతుక్కోకుండా ప్రతి శనివారం ముందే చేతిలో పెట్టాడు, బోండాంతో పాటు, ప్లాస్టర్ల డబ్బా పెట్టినట్టే, పల్లం దగ్గర వీపు తిప్పుకుని నిలబడ్డట్టే, అంతమంది చూస్తుంటే ఎవరైనా పడతారులే, అన్న మనిషి ఆయన, ఎన్ని మాటలనుకుంది ఆయన్ని, ఎంత కృతజ్ఞత చెప్పాలిప్పుడు, చెబితే ఏంటి సుభా కొత్తగా, అని తల గోక్కుంటాడు, ఇన్నేళ్లూ సామాన్ల దగ్గర తను ఉన్నాననుకుంది, తన దగ్గర ఆయన ఉన్నాడు, ఏంటలా నిలబడ్డావు, నెప్పులా, అన్నాడు శ్రీనాథ్, కాదండీ, ఆ సంచి ఇటివ్వండి, నా బుట్టలో పెట్టుకుంటాను, అంది సుభద్ర.