గీత లోపలి ఇల్లు

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ మొదలైందంటే టైలరమ్మ కుట్టుమిషన్ ఆపేసేది. పని లేక కాదు. స్కూలు యూనిఫారాలు బల్ల మీద కుప్పలుగా పడుండేవి. మిషన్ తొక్కుతుంటే గ్రౌండ్ అరుపులు సరిగ్గా వినబడవు, ఆవిడకేమో ఆ అరుపులతోనే పని. "హే..." అని పైకి లేచిందంటే మనవాళ్ళు గోల్ కొట్టినట్టు. "అయ్యో" అని జారిందంటే మనవాళ్ళకి పడినట్టు. ఒక్క మ్యాచ్‌కీ వెళ్ళని మనిషి వంటింట్లో స్టూలు మీద కూర్చుని స్కోరు తప్పు లేకుండా చెప్పేది.

చివరి విజిల్ తర్వాత గ్రౌండ్ చప్పబడిపోతే మాత్రం ఆవిడ స్టూలు మీంచి లేచిపోయేది. ఓడిపోయారన్నమాట. ఇక అప్పుడు చూడాలి ఆవిడ హడావిడి! కూతురు బుజ్జికి గబగబా అన్నం తినిపించి వెనక గదిలో పడుకోబెట్టాలి. కత్తెరా, ఇస్త్రీపెట్టే మంచం కిందికి తోసెయ్యాలి. వేడినీళ్ళు తోడి ఉంచాలి. ఇన్ని చేసీ మొహంలో భయం కనబడనివ్వకూడదు. భయం కనబడితే ఆయనకి ఇంకా కోపం.

ఆయనంటే క్లబ్ గోల్‌కీపర్. వారమంతా గోదాములో లారీలకి మూటలెక్కించే పని, ఆదివారం వచ్చిందంటే మాత్రం రాజు. చేతికి చిక్కిన బంతి జారదు కాబట్టి క్లబ్బులో అందరూ ఆయన్ని 'ఉడుం' అనేవారు. "మా ఉడుం చేతులు బంగారంరా" అని ఊరంతా మురిసిపోయేది. ఆ బంగారం సంగతేంటో టైలరమ్మ మోచేతుల్ని అడగాలి.

ఇక ఇంటి సంగతి. ఆ ఇల్లు జరిగేది. ఆయన ఇంట్లో చెయ్యి చేసుకున్నప్పుడల్లా, తెల్లారి చూస్తే ఇల్లు గ్రౌండ్ వైపుకి మరికాస్త జరిగి ఉండేది. ఒకసారి మూరెడు, ఒకసారి బారెడు. దెబ్బ గట్టిదైతే ఏకంగా పక్కవాళ్ళ ప్రహరీ దాటేసేది.

దీనికి వీధిలో ఎవరూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. ఎవరి బాధలు వాళ్ళవి.

"మళ్ళీ జరిగిందా మీ ఇల్లు?" అంది పక్కింటావిడ తడిబట్టల బకెట్‌తో వచ్చి. "నా తాడు ఇక అందట్లేదమ్మా. ముందే ఒక మాట చెప్పొద్దూ?"

"మీకు రబ్బరు పైపే మేలు తల్లీ" అన్నాడు కుళాయి మేస్త్రీ. "ఇనప పైపు ఎన్నిసార్లని పొడిగించను? నాకే విసుగొస్తోంది."

ఉడుం కూడా జోకులేసేవాడు. "మా ఇంటికి ఆటంటే పిచ్చిరా! చూస్తుండండి, ఏదో రోజు నాకంటే ముందే గ్రౌండ్‌కి చేరుకుంటుంది" అనేవాడు. క్లబ్బంతా పగలబడి నవ్వేది. ఎందుకు జరుగుతోందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే జవాబు వినాలి కదా, మరి!

ఉన్నమాట చెప్పుకోవాలి, ఒక్కరు అడిగారు. ఆడవాళ్ళ టీమ్ కెప్టెన్, బస్సు కండక్టరు. జెర్సీల మీద నంబర్లు కుట్టించుకోవడానికి వచ్చింది.

"అక్కా, కంటి కింద ఏంటది?"

"మెట్ల మీద జారాను."

ఆ ఇంటికి మెట్లే లేవు. నడిచే ఇంటికి మెట్లెవరు కడతారు? కండక్టరమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసింది, టైలరమ్మ మొహంలోకి ఒకసారి చూసింది.

"నేను రోజూ ఈ దారినే వెళ్తానక్కా. ఒక్క కేక వేస్తే చాలు" అంది.

టైలరమ్మ చప్పున తలుపేసుకుంది. ఈ పిల్ల వెళ్ళి ఎక్కడ ఆయనతో అంటుందోనని ఆ రోజంతా గడియ తియ్యలేదు.

అసలు ఆవిడకి అందరికంటే భయం ఆ ఇంటిని చూస్తేనే. ఇల్లు వీధి చివర ఉన్నప్పుడు ఆయన గ్రౌండ్ నుంచి నడిచి రావాలి. దారిలో నలుగురూ పలకరిస్తారు, పాన్‌ షాపు దగ్గర కాసేపు ఆగుతాడు. ఆ కాస్త వ్యవధిలోనే ఆవిడ పిల్లని పడుకోబెట్టుకునేది. ఇల్లు జరిగినకొద్దీ ఆ వ్యవధి తరిగిపోతోంది. గ్రౌండ్ ఎదురుగా రోడ్డు దాకా వచ్చేసరికి, విజిల్ వినబడేదీ తలుపు తోసుకుని ఆయన వచ్చేదీ దాదాపు ఒకటే అయింది. బుజ్జి నోట్లో ముద్ద నోట్లోనే ఉండేది.

"ఆగవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని వంటింటి గోడని పట్టుకుని బతిమాలేది. "నన్ను ఆయన చేతుల్లోకి నువ్వే మోసుకెళ్తున్నావేమే? నీకు నేనేం అపకారం చేశాను?"

ఇల్లు పలకలేదు. అది నడిచే ఇల్లు, మాట్లాడే ఇల్లు కాదు.

ఒక శనివారం సాయంత్రం కీపర్ గ్లవుజు కుట్టు దగ్గర గొడవైంది. నల్లదారం అయిపోయి నీలందారంతో కుట్టింది, అంతే. మర్నాడు పొద్దున్నే కిటికీ తెరిచేసరికి ఎదురుగా గోల్ పోస్టు. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాపితే వల అందేలా ఉంది. ఇల్లు ఇల్లంతా రోడ్డు దాటి, సున్నం గీత దాటి, గ్రౌండ్ లోపలికొచ్చి మూల నుంచి గోల్ పోస్టు దాకా ఆక్రమించి కూర్చుంది.

క్లబ్ వాళ్ళంతా చేరారు. ఆ రోజే కప్పు మ్యాచ్, అవతలి టీమ్ బస్సు బయల్దేరిపోయింది కూడా.

"కార్నర్ కిక్ ఎక్కణ్ణుంచి కొట్టాలి?" అన్నాడు మగవాళ్ళ టీమ్ కెప్టెన్ బుర్ర గోక్కుంటూ.

"అరుగు మీంచి కొట్టు. గోడకి తగిలి వస్తే ఆట ఆగదు, ఆడుతూనే ఉండండి" అన్నారు మాస్టారు. రైలింజన్లు నడిపి రిటైరైన కోచ్ ఆయన. చెవులు కాస్త దూరం కాబట్టి అన్నీ అరిచే చెప్పేవారు. "గీత ఎప్పుడూ ఉన్నచోటే గీయండి."

"మంచిదేగా, హాఫ్ టైంలో ఇంట్లోనే మంచినీళ్ళు తాగొస్తా" అన్నాడు ఉడుం. అందరూ నవ్వారు. లోపల టైలరమ్మ బుజ్జిని దగ్గరికి లాక్కుంది.

ఆ క్లబ్బుకొక పద్ధతుంది. ఒకప్పుడు అక్కడ ఆటకంటే తలలు పగలగొట్టుకోవడమే ఎక్కువ. మాస్టారు వచ్చాక ఒక్కటే షరతు పెట్టారు. ఆటగాడు ఎవడైనా సరే, గీత దగ్గర వంగి, సున్నం ముట్టుకుని, "గీత లోపల ఎవరి మీదా చెయ్యెత్తను. ఎత్తితే గీత లోపలికి రాను" అని పైకి చెప్పి గ్రౌండ్‌లోకి దిగాలి. అవతలి టీమ్ వాళ్ళైనా అంతే. అప్పట్నుంచి అక్కడ దెబ్బలాట లేదు. అందరికంటే గట్టిగా ఆ మాట చెప్పేది ఉడుమే. ఆ గొంతు విని చిన్నపిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఆ రోజూ అలాగే చెప్పి దిగాడు. హాఫ్ టైం దాకా గోల్స్ లేవు. తర్వాత వైపులు మారాయి, ఉడుం వచ్చి ఇంటి ముందున్న గోల్ పోస్టులో నిలబడ్డాడు. టైలరమ్మ కిటికీ రెక్క చేరవేసి పక్కకి నక్కింది. ఆయన వీపు కనిపిస్తోంది, చేతులకి నీలందారం గ్లవుజులు.

ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళి ఇటు తిరిగేలోపల బుజ్జి స్టూలెక్కి కిటికీ రెక్క తీసేసింది.

"నాన్నా!" అని గట్టిగా పిలిచి చప్పట్లు కొట్టింది. పాపం, పిల్లకి వాళ్ళ నాన్న ఆడుతుంటే చూడ్డం అదే మొదలు.

ఉడుం వెనక్కి తిరిగాడు. బంతి ఆయన పక్కనుంచి వెళ్ళి వలలో పడింది. "అయ్యో" అని గ్రౌండంతా జారింది.

ఉడుం బంతి వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు. ఆ చూపు టైలరమ్మకి తెలుసు. పిల్లని లాగి వెనక గదిలోకి తొయ్యాలి, గడియ వెయ్యాలి, కత్తెర తియ్యాలి... దేనికీ వ్యవధి లేదు. మంచినీళ్ళకి వెళ్తున్నాడనుకుని జనం ఊరుకున్నారు. ఆయన వచ్చి బుజ్జి రెక్క పుచ్చుకున్నాడు.

"నీ మూలానే కదే!"

అంతవరకూ పిల్ల మీద చెయ్యి పడలేదు. టైలరమ్మ మధ్యలోకి దూరి పిల్లని తన వెనక్కి లాక్కుంది. "దాన్నొదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను కొట్టండి" అంది. ఆయన చెయ్యెత్తాడు.

విజిల్ మోగింది. చెవులు గింగురుమనేలా, గుమ్మంలోనే.

రిఫరీ ఒకావిడ. ఎక్కడో వేరే ఊరి నుంచి వచ్చింది, ఈ ఊరి మొహమాటాలేవీ ఆవిడకి లేవు. జేబులోంచి ఎర్రకార్డు తీసి పైకెత్తింది.

"ఇది నా ఇల్లు!" అన్నాడు ఉడుం.

"గీత లోపలుంది. బయటికి నడు."

ఉడుం బయటికొచ్చి నవ్వాడు. "చూశార్రా ఈ చోద్యం! మీరైనా చెప్పండ్రా!" అని టీమ్ వైపు తిరిగాడు. కెప్టెన్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఎవరూ నవ్వలేదు.

క్లబ్ సెక్రటరీ పరుగున వచ్చాడు. జెర్సీలకీ బంతులకీ డబ్బు పెట్టే సిమెంటు కొట్టాయన. "రిఫరీగారూ, ఇదేదో మొగుడూపెళ్ళాల గొడవ, మనకెందుకు చెప్పండి? గీత కాస్త ఇవతలికి జరిపేస్తే ఇల్లు బయటికి పోతుంది, కార్డూ పోతుంది. ఒరేయ్, సున్నం బకెట్ పట్రండి!"

ఎవరో తెచ్చారు. టైలరమ్మ కిటికీలోంచి ఆ బకెట్ వంకే చూస్తోంది. గీత అక్కడ పడితే ఇల్లు బయట. తనూ, బుజ్జీ బయట, ఆయనతో. ఆటయ్యాక జనం ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. ఈ తలుపు మూసుకుంటుంది. ఇవాళ్టి నుంచి దెబ్బలు పిల్లకి కూడా.

మాస్టారు వచ్చి బకెట్ లాక్కున్నారు.

"నాకంటే చెవుడు, మీకేమైందిరా?" అని అరిచారు. "ఆ ఇల్లు ఇన్నాళ్ళుగా మన దగ్గరికి నడిచొస్తోంది. కాపాడమని వస్తోంది! మనమేం చేశాం? పైపు పొడిగించాం."

ఆయన కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించగలరని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"అమ్మాయ్, గీత ఎక్కడ గీయమంటావు? నువ్వు చెప్పమ్మా."

టైలరమ్మ తననేనా అన్నట్టు వెనక్కి చూసింది. ఆవిడని ఎప్పుడైనా ఎవరైనా ఏదైనా అడిగితేగా! అవతల ఉడుం ఆవిడ కళ్ళలోకే చూస్తున్నాడు. చెప్పు చూద్దాం, అన్నట్టు చూస్తున్నాడు. నడుం పట్టుకుని వేలాడుతున్న బుజ్జితో సహా ఆవిడ బయటికొచ్చింది. మాటకి బదులు బకెట్ అందుకుంది.

ఇంటి వెనక నుంచి మొదలుపెట్టింది. ఇంటి చుట్టూ, ఇల్లు మొత్తం గ్రౌండ్ వైపే ఉండేలా సున్నం పోసుకుంటూ వచ్చింది. గీత వంకరటింకరగా పోయింది, ఒకచోట కుప్ప పడింది, ఒకచోట సన్నగిల్లింది. మూల తిరిగి పాత గీతలో కలపబోతే అక్కడ బూట్లు కనబడ్డాయి. ఉడుం సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

ఆవిడ వంగినదల్లా వంగినట్టే ఉండిపోయింది. ఆయన చేతులు ఆవిడ తల మీదుగా వేలాడుతున్నాయి.

"కాలు తియ్యండి" అంది. ఆ గొంతు ఆవిడకే సరిగ్గా వినబడలేదు.

ఆయన తియ్యలేదు.

కండక్టరమ్మ జనంలోంచి వచ్చి టైలరమ్మ పక్కన నిలబడింది. తర్వాత కెప్టెన్ వచ్చాడు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. గోల్ కొట్టిన అవతలి టీమ్ కుర్రాడు కూడా వచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్కళ్ళే అందరూ వచ్చారు. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు, తిట్టలేదు.

"కాలు తియ్యరా ఉడుం" అన్నాడు కెప్టెన్. "ఇందాక సున్నం ముట్టుకుని చెప్పావుగా."

ఉడుం ఒక్కొక్క మొహమే వెతికాడు, ఏ ఒక్కరైనా నవ్వుతారేమోనని. చివరికి కాలు వెనక్కి తీసుకున్నాడు. టైలరమ్మ అక్కడ సున్నం పోసింది.

మిగతా ఆటలో గోల్ పోస్టు దగ్గర ఎవరు నిలబడ్డారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. చిత్తుగా ఓడిపోయారు. ఆట ముగిశాక మాస్టారు గీత అవతలికి వెళ్ళి ఉడుం భుజం మీద చెయ్యి వేశారు.

"మా ఇంటికి నడు, ఇక అక్కడే ఉందువుగాని. రోజూ గోదాము నుంచి వచ్చాక నాతో కూర్చుని మాట్లాడాలి. చేతులకి పని చెప్పకుండా కోపాన్ని ఎలా దింపుకోవాలో నేర్చుకోవాలి. అది వచ్చేదాకా ఆట లేదు. ఇంట్లోకి మాత్రం నేను రమ్మన్నా కుదరదు, ఆవిడ రమ్మనాలి. ఎప్పటికీ రమ్మనకపోవచ్చు, అదీ ఆవిడిష్టం."

ఉడుం నాలుగడుగులు వేసి, ఆగి, ఇంటి వైపు తిరిగి చూశాడు.

ఆ చూపుకి అరుగు మీద కూర్చున్న టైలరమ్మ అలవాటు కొద్దీ ముడుచుకుపోయింది. బుజ్జిని గుండెలకి అదుముకుని, తల దించుకుని, ఇక జనం కదిలే చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఆటయిపోయింది కదా, వెళ్ళిపోతారు. మళ్ళీ తను, తలుపు, ఆయన.

ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేకపోయేసరికి మెల్లగా తలెత్తింది. పొద్దువాలిపోయింది. అవతలి టీమ్ వాళ్ళ బస్సు ఇంకా రోడ్డు మీదే ఉంది. పక్కింటావిడ చాప పరుచుకుని కూర్చుంది. ఆటగాళ్ళు మట్టి బట్టలతోనే గీత పొడుగునా వరసగా కూర్చున్నారు, అందరి మొహాలూ వీధి వైపే. కండక్టరమ్మ టీ గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. పళ్ళు గ్లాసుకి టకటకా కొట్టుకుంటుంటే ఆవిడ ఒక గుక్క తాగింది.

ఎవరూ ఇంటికి పోలేదు.