బొరియ లేని వాళ్లు

చెల్లెలు పనిచేసే ప్రయోగశాలలో ఎలుకలైనా, తిమింగలాలైనా తెరమీది అక్షరాల వరసలే. ఏ జంతువులో ఏ జన్యువు చెక్కుచెదరలేదు, ఎక్కడ పాడైంది అని పోల్చడం ఆమె పని. గడియారాలు బాగుచేసే అన్నయ్యకు చూపు మందగిస్తోందని తెలిశాక, చూపుకు సంబంధించిన అతని జన్యువునూ ఆ వరసల పక్కన పెట్టి చూసింది.

ఆ సాయంత్రం దుకాణానికి వెళ్లేసరికి అన్నయ్య జారిపోయిన మరమేకు కోసం బల్లంతా తడుముతున్నాడు.

“చెప్పవే, ఏం తేలింది?”

“నీలో చెడిన చోటు ఆవులో, కోతిలో, ఎలుకలో ఎక్కడా చెడలేదన్నయ్యా. చూపు లేనిది పిల్లల్ని కనేదాకా బతకదు, లోపం దానితోనే పోతుంది. మట్టి తవ్వుకుని లోపలే బతికే కొన్నిట్లో మాత్రం ఇదే జన్యువు శిథిలమైపోయింది. వాటికి చూపుతో పనేముంది?”

“అయితే నేనూ ఓ బొరియ చూసుకుంటే సరి,” అని నవ్వాడు. అంతలోనే ముఖం ముడుచుకుంది. “మరి చూపు పోయిన నాన్న నుంచి నాదాకా ఎలా వచ్చింది?”

ఆ ప్రశ్న రాకూడదనే ఆమె కోరుకుంది.

“మనకిది నడివయసులో బయటపడుతుంది. అప్పటికే పిల్లలు పుట్టేస్తారు. ఏరిపారేయడానికి ప్రకృతికి సందెక్కడ?”

వెనకగదిలో అతని కూతురు కూనిరాగం తీస్తూ పాత గడియారాన్ని విప్పుతోంది. పని నేర్చుకుంటానని ఏడాదిగా తండ్రి వెంట పడి, ఈమధ్యే ఒప్పించింది.

“నీకు?” అన్నాడు గొంతు తగ్గించి.

“నాకు రాలేదు.” దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తలదించుకుంది.

“పోన్లే, ఒకరైనా గట్టెక్కాం. దానికి మాత్రం చెప్పకు.”

“పెద్దపిల్ల అన్నయ్యా. తెలుసుకోవాలో వద్దో అదే తేల్చుకోనీ.”

చివరికి అన్నయ్యే కూతురికి చెప్పాడు. మర్నాడే ఆ పిల్ల ప్రయోగశాలకు వచ్చి, “అత్తా, నాదీ చూడు,” అంది.

ఉంది. ఫలితం చెబుతూ అత్తే ఏడ్చేసింది. “ఇంకా ఇరవయ్యేళ్లుందిగా, ఊరుకో,” అని మేనకోడలే ఆమె వీపు నిమిరింది.

అన్నయ్యకు ఆ రాత్రి ముద్ద దిగలేదు. తెల్లారి కూతురు బల్ల దగ్గర కూర్చోబోతే భూతద్దం లాక్కున్నాడు. “కళ్లు పాడుచేసుకునే పని నీకొద్దు, పో!” అని కసిరాడు. పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది.

“పని మానితే ఆగేది కాదన్నయ్యా,” అంది గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు.

“నాకు తెలియదనుకున్నావా?” అన్నాడు తలెత్తకుండా.