కాలువ కట్టేసే రోజు

కాంతానికి పొద్దున్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి? సాయంత్రానికి కాలువ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది ఎండాకాలం దాటాకే. ఏలూరు వాళ్ళు తమ పెద్ద చెరువులు ముందే నింపుకున్నారు. దారిలో ఊళ్ళూ నింపుకున్నాయి. కొల్లేటి ఒడ్డున, కాలువకి చిట్టచివర ఉన్న తమ ఊరి మంచినీళ్ళ చెరువులో మాత్రం ఇంకా అడుగున బురదే కనిపిస్తోంది. అది నిండకపోతే ఊరంతా ఏం తాగాలి? బోరు వేస్తే పడేవి ఉప్పునీళ్ళే.

మంచినీళ్ళ చెరువు నిండేదాకా కాలువలో ఎవరూ నీళ్ళు తోడే ఇంజను పెట్టకూడదని ఊరి కట్టుబాటు. ఈ ఏడూ ఆ మాట మైకులో చెప్పించింది నీటి సంఘం పెద్ద, కాంతం మొగుడు సుబ్బారావే. అయినా నీళ్ళు ఊరిదాకా రావడం లేదంటే పైన ఎవరో తోడేస్తున్నారన్నమాట. కాంతం నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని కాలువగట్టు వెంబడి నడిచింది.

మొదట కనిపించిన ఇంజను ఎరువుల కొట్టు శ్రీరంగనాయకులు గారిది. కౌలుకి తీసుకున్న చేపల చెరువులోకి దర్జాగా తోడేస్తున్నాడు.

"ఏవండీ, తాగే నీళ్ళండీ ఇవి. ఊరి గొంతు ఎండగట్టి చేపలకి పోసుకుంటారా? సిగ్గనిపించడం లేదాండీ మీకు?"

ఆయన తాపీగా కండువా సర్దుకున్నాడు. "ఆపేస్తానమ్మా. ముందు ఆ పైమలుపులో మీ ఇంజను ఆపించి రండి."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాంతానికి తల కొట్టేసినట్టయింది.

మలుపులో గుర్రపుడెక్క కింద దాచిన గొట్టం, గట్టు మీద తమ ఇంజను, పక్కనే కుర్చీలో సుబ్బారావు.

"మన చెరువులో నీళ్ళు తగ్గితే చేపలు చచ్చిపోతాయి కాంతం. మనొక్కళ్ళం తోడితే ఊరి చెరువు ఎండిపోద్దా?"

"ఆ నాయకులు గారూ అదే అనుకున్నారండీ" అని ఇంజను ఆపేసింది కాంతం. 

నాయకులు గారూ ఆపాడు. ఏం లాభం? అప్పటికే పొద్దు వాలింది, లాకులు దించి కాలువ కట్టేశారు. ఊరి చెరువు సగం కూడా నిండలేదు. ఇంటికి రోజుకి ఒక్క బిందేనని ఊరు తీర్మానించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ గ్లాసు ఎత్తిన సుబ్బారావు ఆగిపోయాడు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, నీచు వాసన కొడుతున్నాయి.

"ఏంటే ఇవి?"

"మన చేపల చెరువు నీళ్ళండీ."

"మన బిందె ఏమైంది?"

"మన వెనకింటి హెప్సిబా వాళ్ళింట్లో బాలింత ఉంది కదా, వాళ్ళకి పోసొచ్చాను. చెరువు నిండేదాకా రోజూ అంతే."

సుబ్బారావు గ్లాసు పక్కకి నెట్టేశాడు. కాంతం అవే నీళ్ళు ఇంకో గ్లాసు నింపి కంచం పక్కన పెట్టింది.

"తాగండి, మొహమాటపడకండి. మీరు కష్టపడి తోడుకున్నవేగా."