తిమ్మరాజు మోకాలు

ధర్మవరంలో తిమ్మరాజు కుడి మోకాలికి ఉన్న పేరు తిమ్మరాజుకు లేదు. అమావాస్య నాడు మగ్గం ముట్టరు గనుక, ప్రతి అమావాస్యకూ ఆయన మనవరాలు ఈశ్వరిని వెంటబెట్టుకొని, కుంటుకుంటూ హిందూపురం రైలెక్కేవాడు. అక్కడొక వైద్యుడున్నాడనీ, అమావాస్య నాడు తప్ప చెయ్యి వెయ్యడనీ, ఆయన దగ్గితే చాలు ఎముకలు సర్దుకొని కూర్చుంటాయనీ, కుంటుతూ పోయిన ఎద్దొకటి యజమానిని వీపున ఎక్కించుకొని ఇంటికొచ్చిందనీ వీధంతా చెప్పాడు.

వైద్యుడూ లేడు, ఎద్దూ లేదు. మోకాలు ఏ నొప్పీ లేకుండా గుండ్రాయిలా ఉంది.

హిందూపురంలో ఉన్నది కౌన్సెలింగ్ చేసే శైలజ మేడం. మూడేళ్ల కిందట సోమందేపల్లిలో ఒకడు ఈశ్వరి మీద అత్యాచారం చేశాడు. వాడికి శిక్ష పడింది. ఇల్లు ధర్మవరానికి మారింది. "కేసు తీరిపాయ కదా, ఇంకెందుకు పోవడం?" అంది తల్లి జయమ్మ.

"కోర్టు పని తీరిందమ్మా, ఈ పిల్ల పని తీరలేదు. తనకు చాలనిపించేదాకా రానీండి" అంది శైలజ.

జయమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది: వీధిలో ఎవరికి తెలిసినా ఆ రోజుతో ఆఖరు. శైలజ గదిలో తనలాంటి ఆడవాళ్లతో కూర్చొని వచ్చిన రోజుల్లోనే ఈశ్వరి కడుపునిండా తినేది. అందుకే తిమ్మరాజు కుంటేవాడు.

ఆ అమావాస్యకు రైలు కదులుతుండగా పక్కింటి నాగక్క ఎక్కి, ఎదురుగా కూర్చుంది.

"ఏం మామా, నన్ను ఇడిసిపెట్టి పోతాండావే? నా మోకాళ్లూ పోయినాయి. ఆ వైద్యుని కాడికి నేనూ వస్తాండా."

అమావాస్యకు తన మగ్గం ఒక్కటే ఆగదు, వీధిలో అన్నీ ఆగుతాయి. ఆ సంగతి ఇన్నాళ్లూ తిమ్మరాజు బుర్రకు తట్టలేదు.

"ఆయప్ప సచ్చిపాయ, నాగక్కా."

"మరి నువ్వు యాడికి?"

"పలకరించేదానికి."

"అంత వైద్యుడు తనకు తాను దగ్గుకోల్యాకపాయనా?"

పెనుకొండ దాటింది. తిమ్మరాజు దగ్గర అబద్ధాలు అయిపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఈశ్వరి కిటికీ నుంచి తల తిప్పింది.

"వైద్యుడు ల్యాడు నాగక్కా. నాకోసరం పోతాండాము. మూడేండ్ల కింద ఒకడు నన్ను బలవంతం చేసినాడు. దాన్ని గురించి మాట్లాడుకునే చోటు ఆడ ఉండాది. అది నాకు కావాల. నీకు తెలిసిందని మాయమ్మకు తెలిస్తే మాన్పిస్తాది."

నాగక్క కొంగు అంచును వేళ్లతో సవరించుకుంది.

"అయితే మోకాలికి ఎవురూ ల్యారా?"

"ల్యారు."

"ఇన్నాళ్లూ నీ వైద్యుని కోసరం తైలమన్నా పూసుకోకుండా కాసుకోనుంటినే ముసిలోడా." తిమ్మరాజును చూపుతోనే నమిలేసి, సంచిలోంచి వేయించిన చెనిక్కాయలు తీసి ఈశ్వరి ఒడిలో పోసింది. "మీయమ్మతో నేను మాట్లాడతా. అప్పటికీ మాన్పిస్తే నేనే పిల్చుకోని పోతా. అమావాస్యకు నాకూ మగ్గం ల్యాదు గదా. తిను."

ఈశ్వరి ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. ఇంకొకటి ఒలిచి తాతకిచ్చింది.

హిందూపురంలో దిగాక తిమ్మరాజు మళ్లీ కుంటుతూ నడిచాడు.

"ఇంక కుంటొద్దులే తాతా."

"నేను కుంటల్యా పాపా. ఇన్నాళ్లూ కుంటి కుంటి, నిజంగానే పట్టుకుండాది."

ఈశ్వరి ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. "నా పని కానీ. ఆమీట నిన్ను ఆస్పత్రికి పిల్చుకోని పోతా."

"ఆడికైనా నన్ను తోడుకోని పోండప్పా" అంటూ నాగక్క వెనక కుంటుతూ వచ్చింది.